సూదికి ముందు తీసిన నెత్తురు

సాయంత్రం నాలుగింటికి కాశయ్యను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. ప్రైవేటు డిటెక్టివ్ సుకన్య ఠాణా మెట్లు ఎక్కేసరికి ఉదయం పదీ ఇరవై అయింది. కాశయ్య వకీలు రాసిచ్చిన కాగితాన్ని ఠాణా రైటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. కాదనడానికి అందులో ఏమీ దొరకలేదు.

"పావుగంట మేడం. సిఐ సార్ వచ్చేలోపు ముగించుకోండ్రి" అన్నాడు.

పైకి చూస్తే కేసులో చిక్కేమీ లేదు. శృతి అనే ఇరవై ఏడేళ్ల పశువైద్య పరిశోధకురాలు బోధన్‌లో గది తీసుకుని ఉంటూ, నెల కిందట కాశయ్య పందులకు స్వైన్ ఫీవర్ రాకుండా టీకా వేసింది. తొమ్మిదో రోజు నుంచి పందులు చావడం మొదలైంది. ముప్పై ఎనిమిదింటిలో మూడు మిగిలాయి. కాశయ్య నలుగురిలో ఆమె మీదికి పోయి, "నా కొంప ముంచినవు, నిన్ను బతకనియ్య" అన్నాడు. మొన్న గురువారం పొద్దున చెరుకు తోట అంచున ఉన్న కాల్వలో శృతి శవం తేలింది. తల వెనక దెబ్బ. రాత్రి ఎనిమిది లోపే ప్రాణం పోయిందని పోస్టుమార్టంలో రాశారు. స్కూటీ గట్టు మీద నిలబెట్టి ఉంది. బుధవారం సాయంత్రం ఐదున్నరకు ఆమె పక్కన కాల్వ గట్టు మీద నడిచినవాడు కాశయ్యేనని చెరుకు కొట్టే మరాఠీ కూలీలు ముగ్గురు చెప్పారు. ఆమె ఫోన్ ఐదూ నలభై ఎనిమిదికి ఆగిపోయింది. మళ్లీ మోగలేదు, దొరకలేదు. శుక్రవారం సాయంత్రం కాశయ్యకు బేడీలు పడ్డాయి.

బేడీలు పడ్డ గంటకే శృతి తల్లి రేణుకమ్మ నిజామాబాద్‌లోని సుకన్య ఆఫీసుకు వచ్చింది. బీడీలు చుట్టి కూతుర్ని అంత చదువు చదివించిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా బిడ్డ ఆయింట్ల అన్నం తిన్నది మేడం. ఆయన్ని బాపూ అని పిలిచింది. కాశయ్య సంపలే. వీళ్లు ఆయన్ని లోపలేస్తే, సంపినోడు ఊకెనే తిరుగుతుండు గద" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఏడవలేదు. ఏడవడానికి లోపల ఏమీ మిగలని మనిషిలా గోడ వైపు చూస్తూ అంది.

కాశయ్యను పక్క గదిలోకి తెచ్చారు. యాభై ఎనిమిదేళ్లు. భుజాలు ఇంకా బలంగానే ఉన్నాయి గానీ మెడ వాలిపోయింది. గోళ్ల సందుల్లో సున్నం ఇరుక్కుని ఉంది. పందులను పూడ్చిన గుంతల్లో చల్లిన సున్నం.

"నాకు అబద్ధం చెప్పకు కాశన్నా. నిన్ను బతకనియ్య అన్నవా?"

"అన్న."

"ఎప్పుడు?"

"పన్నెండో పంది సచ్చిన నాడు. పది మంది ముంగట అన్న. అన్నదాన్ని అనలేదని ఎట్లంట?"

"మరి బుధవారం ఆమె నీ ఇంటికి ఎందుకొచ్చింది?"

"నాలుగింటికొచ్చింది. నేను లోపలికి రమ్మనలే. వాకిట్లనే నిలవెట్టిన. 'బాపూ, నీ పందులు నా సూదితోని సావలే. సూది ఏసేనాటికే రోగం కొట్టంల ఉండె. నెత్తురు చెప్పింది' అన్నది. నాకు సమజ్ కాలే. నెత్తురెట్ల చెప్తది మేడం? కానీ అది అబద్ధమాడే మొకం కాదు. బతికిన మూడింటి నెత్తురు గింతంత గావాలె, ఇదే ఆఖరుసారి అన్నది. నా పెండ్లాం సాయవ్వ పందుల చెవులు వట్టుకుంటే ఆ బిడ్డ తీసింది. మూడు గొట్టాలు."

"ఎన్ని గంటలకు?"

"నాలుగున్నర కావస్తుండె. అప్పుడే మా ఊరి బస్సు పోయింది."

"తర్వాత?"

"సాయవ్వ అన్నం వెట్టింది. తినుకుంటనే ఏడ్చింది ఆ బిడ్డ. గట్టు మీద తొవ్వ ఖరాబుంది గద, బండి నెట్టుకుంట నడిచింది. వంతెన దాక నేను తోడు వోయిన. ఐదున్నర దాటింది. అక్కడ బండెక్కి పోయింది. నేను ఇంటికి గూడ రాలే. ఆ పొద్దున్నే ఆఖరి పెద్ద పంది సచ్చింది. సీదా గుంత కాడికి వోయిన. జేసీబీ హన్మండ్లు ఆరింటికొచ్చిండు. మాపు ఎనిమిదిన్నర దాక ఆడనే ఉన్న."

"సూదికి ముందే రోగం ఉన్నదంటే ఎక్కడినుంచో వచ్చి ఉండాలె గదా. ఆ మధ్య కొత్త పందులు ఏమన్న తెచ్చినవా?"

"నేను దేలే. వచ్చినయి, ఎనిమిది. సూదికి ఐదొద్దుల ముందు. ఆ బిడ్డకు చదువు చెప్పే పెద్ద డాక్టర్ ఉండు గద, పరమేశ్వర్ సారు, ఆయన ఇప్పిచ్చిండు. జక్రాన్‌పల్లి దిక్కున ఏదో ఫారంల మంచి జాతి పిల్లలట. రోగం లేదని సారు సంతకం వెట్టిన కాగితం గూడ ఇచ్చిండ్రు. ఆటోల తెచ్చి దించిండ్రు. మా సాయవ్వ పసుపు నీళ్లు సల్లి లోపలికి తోలుకున్నది."

రైటర్ తలుపు దగ్గర దగ్గాడు. సుకన్య లేచింది. కాశయ్య బేడీల చేతులు రెండూ కలిపి ఎత్తాడు. దండం పెడుతున్నాడో ఆపుతున్నాడో తెలియలేదు.

"మేడం, నేను సంపలే. కానీ నేనన్న మాట ఆ బిడ్డ పదిహేను దినాలు మోసుకోని తిరిగింది. ఆ మాట అబద్ధమని తెలిసినంక ఒక్కపూటన్న బతకలే. దానికి ఏం శిక్ష ఉంటదో గది గూడ కోర్టుల చెప్తరా?"

సుకన్య బయటికి వచ్చి టైమ్ చూసుకుంది. పదీ ముప్పై ఎనిమిది.

జేసీబీ హన్మండ్లును కలిసి, అతను పోలీసులకు చెప్పింది విని బయల్దేరేసరికి పన్నెండు దాటింది. శృతి అద్దెకున్న గది బోధన్‌లో కనీజ్ ఇంటి వెనక భాగంలో ఉంది. ముందు ఇల్లు, పక్క నుంచి నీళ్ల ట్యాంకు దాటి పోయే సన్నటి సందు, ఆ చివర గది. కనీజ్ యాభై దాటిన మనిషి, బట్టలు కుడుతుంది. ఆమె కూతురు ఇఫ్రా ఊళ్లోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. సెలవు దొరికిన రోజుల్లో శృతికి సాయం చేసేది. బుధవారం మధ్యాహ్నం మూడింటికి తల్లీ కూతుళ్లిద్దరూ నిజామాబాద్‌లో పెళ్లి తర్వాత ఇచ్చే వలీమా విందుకు పోయి పదిన్నరకు తిరిగొచ్చారు. ఇంట్లో మరెవరూ లేరు.

"వచ్చినప్పుడు గదిల లైటు లేదు. పండుకున్నదేమో అనుకున్న" అంది కనీజ్. "నేను ఒక్కసారి తలుపు కొట్టి ఉంటే తెలిసిపోతుండె గదా మేడం. బిర్యానీ డబ్బా గూడ తెచ్చిన ఆమె కోసం. పొద్దుగాల ఇద్దాంలే అనుకున్న."

"పంది నెత్తురు పరీక్షలని తెలిసే గది ఇచ్చిండ్రా?"

"తెలుసు. మొదటి రోజే చెప్పింది, దాచిపెట్టలే. చదువుకునే పిల్ల. ఇఫ్రా గూడ అడిగింది, నేను పోవచ్చా అమ్మీ అని. పరీక్ష చేస్తే తప్పేముంది, వచ్చి తానం చెయ్యమన్న. అంతే."

పోలీసులు గురువారం వచ్చి ల్యాప్‌టాప్, రెండు నోటుబుక్కులు పట్టుకుపోయారు. గొట్టాల్లో ఉన్నది పంది నెత్తురని తెలిశాక మిగతా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. తాళం కనీజ్‌కే ఇచ్చి పోయారు. ఇఫ్రా ఆ తర్వాత ఇవ్వాళే గదిలో అడుగు పెట్టడం. గడప దగ్గర ఆగి, తలుపుకు వేలాడుతున్న తెల్ల కోటును చూసి ముఖం తిప్పుకుంది. సుకన్య తొందర పెట్టలేదు.

కాసేపటికి ఇఫ్రానే లోపలికి వచ్చింది. "అడుగుండ్రి మేడం."

"నెత్తురు చెప్పింది అన్నదట శృతి. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"నెత్తురుల తెల్ల కణాలుంటయి గదా. వాటి లోపల వేల జన్యువులు. అన్నీ ఒక్కసారి పని చెయ్యవు, చానా మటుకు పండుకొని ఉంటయి. వైరస్ వస్తే దానితోని కొట్లాడే జన్యువులు లేస్తయి. టీకాల ఉండేది గూడ బలం తీసేసిన వైరసే. అందుకే టీకా పడ్డ రెండు మూడు రోజులకు అవే లేస్తయి. ఏవి లేచినయి, ఎంత గట్టిగ లేచినయి, మళ్ల ఎప్పుడు పండుకున్నయి. అక్క చదువంతా అదే. టీకా వెయ్యకముందు ఒకసారి నెత్తురు తీసేది, మూడో రోజు, ఏడో రోజు మళ్ల తీసేది. మొదటిది లేకుంటే తర్వాతదాన్ని దేనితోని పోల్చాలె?"

"ఏం తేలింది?"

"మంగళవారం హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. ముప్పై పాత పందులు టీకాకు ముందు నిమ్మళంగ ఉన్నయి, టీకా తర్వాత లేచినయి. అంటే మందు మంచిదే, పని చేసింది. కానీ కొత్తగ వచ్చిన ఎనిమిదింటికి..." ఇఫ్రా గొంతు తగ్గించింది. "టీకా వెయ్యకముందు తీసిన నెత్తురులనే అవి లేచి ఉన్నయి మేడం. అప్పటికే లోపల వైరస్ ఉంది. పైకి జ్వరం గూడ లేదు."

"మందు పని చేస్తే పాతవి ఎందుకు చచ్చినయి?"

"మందుకు కొన్ని రోజుల టైం గావాలె. అప్పటికే ఐదొద్దుల నుంచి ఆ ఎనిమిదీ వాటితోని ఒక్క తొట్టిల తింటున్నయి. మూడింటిని మాత్రం మందు కాపాడింది." ఆమె బల్ల అంచును వేలితో రుద్దింది. "అక్క ఆ రిపోర్టు చూసి సంతోషపడలే. 'నేను చంపలేదు ఇఫ్రా' అని ఒక్కసారి అన్నది. మళ్ల 'ఆ ఎనిమిదిని చూసి బాగున్నయని రాసింది గూడ నేనే గదా' అనుకుంట గోడకు ఒరిగి కూసున్నది. అన్నం తినలే ఆ రోజు."

సుకన్య బల్ల దగ్గరికి నడిచింది. నెత్తురు తిప్పే సెంట్రిఫ్యూజ్ మూత తెరిచి ఉంది. పక్కన స్టాండులో మూడు గొట్టాలు. అడుగున ఎర్రటి ముద్ద, దాని పైన తేటనీరు లాంటి ద్రవం. ఒక్కోదానికీ చిన్న చీటీ అంటించి ఉంది: 11, 23, 30. బుధవారం తేదీ. 4.25.

"ఇవి కాశయ్య ఇంట్ల తీసినవే" అంది సుకన్య. "వీటిని ఏం చేసింది?"

ఇఫ్రా వంగి చూసింది. ఆమె కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి. "తెల్ల పొర తీసేసింది మేడం. మధ్యల తెల్లగ ఉంగరం లెక్క ఉంటది. అది లేదు. పని మొత్తం అయిపోయింది."

"ఎంతసేపు పడుతది ఆ పని?"

"నెత్తురు పల్చన చెయ్యాలె, అరగంట తిప్పాలె, పొర తియ్యాలె, రెండు సార్లు కడగాలె. అక్క చెయ్యి వేగం. అయినా గంటా పావుకు తక్కువైతే కాదు."

"ఐదున్నరకు వంతెన దగ్గర బండెక్కింది. ఇక్కడికి ఎంతసేపు?"

"పదిహేను నిమిషాలు."

"మరి ఐదూ నలభై ఎనిమిదికి ఫోన్ ఎందుకు ఆగింది?"

ఇఫ్రా ఆమెను వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి ఎవరూ అడగలేదా అన్నట్టు. "పని మొదలు పెట్టేటప్పుడు అక్క రోజూ ఫోన్ బంద్ చేసేది మేడం. గ్లౌజులతోని ఫోన్ ముట్టుకుంటే శాంపుల్ ఖరాబైతది, మళ్ల గ్లౌజులు మార్చాలె. అందుకే బంద్ చేసి సంచిల వేసేది."

పోలీసులు చావు గంటగా రాసుకున్న నిమిషం, ఆ పిల్ల ఏడుపు తుడుచుకుని పనిలో కూర్చున్న నిమిషం ఒక్కటే.

"తీసిన కణాలు ఎక్కడ పెడుతది?"

మూలన, శాంపుళ్లను గడ్డకట్టించి ఉంచే అల్యూమినియం ద్రవ నైట్రోజన్ క్యాన్ ఉంది. పశువుల దవాఖానాల్లో ఉండేలాంటిదే. ఇఫ్రా మందపాటి చేతితొడుగు వేసుకుని మూత తీసింది. తెల్లటి పొగ అంచు మీదుగా కిందికి జారింది. లోపలికి ఆరు కొక్కేలు దిగి ఉండాలి, ఒక్కోదానికి ఒక చిన్న గొట్టపు డబ్బా. ఇఫ్రా ఒకదాన్ని పైకి లాగింది. మూడు బుల్లి సీసాలు. 11, 23, 30. తేదీ. చివర శృతి చేతిరాతలో 7.10.

సుకన్య ఆ అంకెను రెండుసార్లు చదివింది. ఏడూ పదికి శృతి బతికి ఉంది. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా కాశయ్య గుంత దగ్గర ఉన్నాడు.

"మేడం" అంది ఇఫ్రా, క్యాన్ అంచు పట్టుకుని. "ఒక కొక్కెం ఖాళీ ఉంది. ఆ ఎనిమిదింటివి, టీకాకు ముందు తీసినవి. ఆ డబ్బా లేదు."

బయట సందులో బూట్ల చప్పుడైంది. సిఐ భానుప్రసాద్ గడప మీద నిలబడ్డాడు. ఆరేళ్ల కిందట సుకన్య సిఐగా ఉన్నప్పుడు ఆమె కింద ఎస్సైగా పనిచేసినవాడు. ఆమె ఉద్యోగం వదిలేసింది. అతను ఎదిగాడు.

"సుకన్య గారూ, ప్రైవేటు డిటెక్టివ్ అయినంత మాత్రాన పోలీసు కేసుల చెయ్యి పెట్టొచ్చని ఎవరన్నరు?"

"నువ్వు తాళం ఇంటివాళ్లకు ఇచ్చి పోయినవు భానుప్రసాద్. వాళ్లు రమ్మన్నరు, వచ్చిన. ఈ మూడు సీసాలు చూడు. ఏడూ పది."

అతను చూశాడు. ముఖం మారలేదు. "టైము ఎవరన్న రాయొచ్చు."

"ఎవరు? కాశయ్యా? చదువు రాని మనిషి గంటన్నర కూసోని తెల్ల కణాలు తీసి, మంచు కన్న చల్లటి క్యాన్ల దాచి, ఆమె చేతిరాతల టైము రాసిండా?"

"ఏడూ పది దాక బతికి ఉండొచ్చు. తర్వాత మళ్ల కాల్వకు పోయి ఉండొచ్చు."

"పోయి ఉండొచ్చు. కానీ అప్పుడు కాశయ్య గుంతల ఉన్నడు. జేసీబీ హన్మండ్లు వాంగ్మూలం నీ ఫైల్లనే ఉంది. దాన్ని పక్కకు పెట్టడానికే ఐదూ నలభై ఎనిమిదిని పట్టుకున్నవు. ఆ టైము తీసేస్తే నీ కేసు నిలబడదు."

భానుప్రసాద్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "డాక్టర్ పరమేశ్వర్ గారు రాసిచ్చిండు. ముప్పై ఏళ్ల అనుభవం. శృతి టీకాను చల్లగ కాపాడలేక పాడు చేసింది, అందుకే పందులు చచ్చినయి, ఆ కోపంతోనే కాశయ్య చంపి ఉంటడు అని. ఆయన కన్న మీకెక్కువ తెలుసా?"

"టీకా పాడైతే ముప్పై పందుల జన్యువులు లేచేటియే గావు సార్" అంది ఇఫ్రా. "లేచినయి. రిపోర్టు పరమేశ్వర్ సార్‌కు గూడ పోయింది, మంగళవారమే. ఆయన చూసే ఉంటడు."

భానుప్రసాద్ ఆ అమ్మాయిని కాకుండా సుకన్యనే చూశాడు. "ఆరేళ్ల కింద మీరు కూడ గిట్లనే గట్టిగ చెప్పిండ్రు. ఆ మనిషి గుర్తున్నడా?"

"ఉన్నడు. ఆశన్న. నా మాట మీద పదకొండు నెలలు లోపల ఉన్నడు. ఏ తప్పూ లేదని తేలి బయటికొచ్చేసరికి వాళ్లమ్మ చచ్చిపోయింది. నేను పోయి క్షమించమంటే మంచినీళ్లిచ్చి పంపించిండు. ఒక్క మాట అనలే." సుకన్య గొంతు పెంచలేదు. "నీకు ఆ నీళ్లు తాగే గతి పట్టొద్దనే అడుగుతున్న. నాలుగింటికి ఇంక మూడు గంటలుంది."

అతను ఏదో అనబోయాడు. అప్పుడే ఇఫ్రా ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది, కాలిందన్నట్టు.

పరమేశ్వర్ సార్.

సుకన్య స్పీకర్ నొక్కమని సైగ చేసింది.

"అమ్మా ఇఫ్రా, బాగున్నవా?" మెత్తటి గొంతు. పెద్దమనిషి గొంతు. "శృతి శాంపుల్స్ అన్నీ సంస్థకు అప్పజెప్పాలె తల్లీ. ఆ పిల్ల కష్టం వృథా పోవద్దు గదా. ముప్పై నాలుగో నంబర్ పందిది, టీకాకు ముందుది, అదొక్కటి దొరుకుతలేదు. నీకేమన్న ఇచ్చిందా?"

ఇఫ్రా కళ్లెత్తి సుకన్యను చూసింది. సుకన్య తలూపి, వేలితో నేలను చూపింది. ఇక్కడే ఉందని చెప్పు.

"ఉంది సార్. ఇంట్లనే ఉంది."

"మంచిది. ఎవరికీ ఇయ్యకు. నేను బోధన్ తొవ్వలనే ఉన్న. ఇరవై నిమిషాల్ల వస్త."

ఫోన్ ఆగింది. ఒంటి గంటా ఐదు.

"నిజంగ నీ దగ్గర ఉందా?" అడిగింది సుకన్య.

"మా ల్యాబ్ ఫ్రీజర్ల ఉంది. మంగళవారం రాత్రి అక్క ఒక్కటి తీసి ఇచ్చింది. ఎందుకక్కా అంటే, ఊకెనే ఉంచు, ఎవరికీ చెప్పకన్నది." ఇఫ్రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "భయపడ్డది మేడం. అప్పుడే భయపడ్డది. నాకు సమజ్ కాలే."

భానుప్రసాద్ ఖాళీ కొక్కెం వైపు చూస్తున్నాడు. ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "ఒక్కటి దొరుకుతలేదు అన్నడు. అంటే ఏడు ఆయనకు దొరికినయి."

"అవును."

"ఆ డబ్బా పోయిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు రావడానికి రెండు నిమిషాల ముందు."

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి డ్రైవరుకు చెప్పాడు, జీపును సందు మొదట్లోంచి తీసి దూరంగా పెట్టమని. తర్వాత ఠాణాకు చెప్పాడు, తను చెప్పేదాకా కాశయ్యను కదిలించొద్దని. రెండు ఫోన్లూ అయ్యాక శృతి కూర్చునే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"జక్రాన్‌పల్లి దిక్కు ఫారం ఆయన బామ్మర్దిది. నిరుడు అక్కడ ఫంక్షన్‌కు పోయి అన్నం తిన్న. రోగమని తేలితే ఫారంల ఉన్నవన్నీ చంపి పూడ్చాలె. సర్టిఫికెట్ మీద ఈయన సంతకం."

"ఇది నీకు ముందే తెలుసు."

"ఫారం తెలుసు. దానికి దీనికి సంబంధం ఉన్నదనుకోలే." అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇంకోటి ఉంది మేడం. ఫైల్ల లేదు. బుధవారం పన్నెండున్నరకు ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది."

సుకన్య అతని వైపు తిరిగింది.

"కాశయ్య బెదిరించిండని ముందు ఒక కంప్లైంట్ ఇచ్చింది గదా, అది వాపస్ తీసుకుంట అన్నది. పందులకు ముందే రోగం ఉన్నది, సాక్ష్యం ఉన్నది, సాయంత్రం ఒక్క పని అయిపోతే రేపు మొత్తం రాసిస్త అన్నది. నాకు ఆ జన్యువుల సంగతి అర్థం కాలే. పెద్దాయనను అడిగి తెలుసుకుందామనుకున్న. ఆమె ముందరనే ఫోన్ కలిపిన. 'సార్, మీ స్టూడెంట్ ఇట్ల అంటుంది, నిజమేనా' అని."

"ఆమె ఆపలేదా?"

"చెయ్యి అడ్డం పెట్టింది. వద్దు సార్ అన్నది. పిల్ల గదా, గురువుకు భయపడుతుంది అనుకున్న." అతను బల్ల మీది టోపీని పక్కకు జరిపాడు. "ఆయన నవ్విండు. 'పిల్ల ఒత్తిడిల ఉంది, నేను వచ్చి నెమ్మదిగ మాట్లాడత, సాయంత్రం ఎక్కడుంటదో అడుగు' అన్నడు. అడిగిన. ఆమె చెప్పలే. అప్పటికే ఇంటి వోనరమ్మ వలీమాకు పోతున్నదని ఆ గల్లీలనే ఉండే మా కానిస్టేబుల్ అంటుండె. గదిల ఒక్కతే ఉంటది సార్ అని... నేనే చెప్పిన."

కనీజ్ ఎప్పుడు వచ్చిందో, గడప దగ్గర నిలబడి ఉంది. ఆ మాట విని గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. ఇఫ్రా తల్లి దగ్గరికి పోలేదు. తలుపుకు వేలాడుతున్న తెల్ల కోటు చేతిని తన చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. సుకన్యకు కోపం రావాలి. రాలేదు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆశన్న ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలాడు, అంతే. శృతి నమ్మినవాళ్లు ఇద్దరు. ఒకరు చదువు చెప్పినవాడు, ఒకరు కాపాడాల్సినవాడు.

"ఇదంతా రాసి సంతకం పెడతవా?" అంది సుకన్య.

"పెడత."

"ఉద్యోగం పోతది."

"పోనియ్యి మేడం."

ఒంటి గంటా ఇరవై రెండుకు గేటు దగ్గర కారు ఆగింది. సుకన్య కనీజ్‌ను లేపి, ముఖం తుడిచి, ముందు వాకిట్లోకి పంపింది. ఇఫ్రాను గది నడుమ నిలబెట్టింది. భానుప్రసాద్ తలుపు వెనక చేరాడు. సుకన్య గోడకు ఆనుకుని చెవి పెట్టింది.

"సలాం అమ్మా" అంటోంది ఆ మెత్తటి గొంతు, బయట. "నేను శృతి గురువును. ఎంత పని జరిగిపాయె చూడుండ్రి. ఆ పిల్ల ఉన్నన్నాళ్లు ఒక్కసారి కూడా ఈ ఇంటికి రాలేకపోయిన."

కనీజ్ జవాబు వినబడలేదు. రండి అని గానీ, ఇటు అని గానీ ఆమె అనలేదు. కానీ అడుగుల చప్పుడు ఎక్కడా ఆగలేదు. ముందు తలుపు వైపు తిరగలేదు. నీళ్ల ట్యాంకు పక్క నుంచి, ఒక మనిషి మాత్రమే పట్టే ఆ సన్నటి సందులోకి మళ్లి, సూటిగా వెనక గదికి వచ్చాయి.